64 ఏళ్ల ఒళ్లు, 30 ఏళ్ల బండి: ఉంచుకోవాలా, వదులుకోవాలా?

కిక్‌రాడ్:

సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలను చాలాకాలంగా చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదలు. 22వ ఏట షిఫ్టు ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు వాయిదాల మీద ఒక 100 సీసీ టూ స్ట్రోక్ బండి కొన్నాను. ఇప్పుడు నాకు 64 నిండాయి, ఉద్యోగ విరమణ చేసి నాలుగేళ్లయింది. ఈ 42 ఏళ్లలో ఇంట్లో బండి లేని రోజంటూ లేదు. అడగదలచిన ప్రశ్న చిన్నదే అయినా, దాని వెనుక ఉన్నది చెప్పకుండా అడిగితే మీకు సమాధానం ఇవ్వడం కష్టమవుతుంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ మొదటి బండికి ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయాలి, లీటరుకు 50 మిల్లీలీటర్లు. ఒకనాడు రాత్రి డ్యూటీ దిగి తెల్లవారుజామున ఇంటికి వస్తూ, పొడవాటి దిగుడు రోడ్డులో పెట్రోలు మిగులుతుందని ఆశపడి, యాక్సిలరేటరు పూర్తిగా మూసేసి బండిని గేరులోనే పోనిచ్చాను. దిగుడు ఇంకా సగం ఉండగానే వెనుక చక్రం బిగుసుకుపోయి ఈడ్చుకుపోయింది. చేయి తనంతట తానే క్లచ్చు నొక్కబట్టి పడిపోలేదు. పెట్రోలు లోపలికి వెళ్లకపోతే దానితో కలిసి వెళ్లవలసిన ఆయిలు కూడా వెళ్లదని, అంత వేగంగా ఆడుతున్న పిస్టనుకు తడి అందక ఇంజను పట్టేస్తుందని ఆ తరువాత మెకానిక్ చెబితే తెలిసింది. ఆయన ఇంజను విప్పుతుంటే పక్కనే కూర్చుని, సిలిండరు గోడ మీద పడ్డ గీతలను వేలితో తడిమి చూశాను. బండి మీద నాకు నిజమైన ఇష్టం మొదలైంది ఆ పూటే అనుకుంటాను. అప్పటిదాకా అది నన్ను డ్యూటీకి తీసుకువెళ్లే వాహనం మాత్రమే.

34వ ఏట 350 సీసీ బుల్లెట్ తీసుకున్నాను. కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు, మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి ఉండే పాత అమరిక. ఇప్పటికీ నా దగ్గర ఉన్నది అదే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రానూ పోనూ రోజుకు 28 కిలోమీటర్లు దాని మీదనే తిరిగాను. పైఅధికారికీ, ఇంటి అవసరాలకూ నడుమ ఎవరికీ జవాబు చెప్పనవసరం లేని సమయం ఆ కాస్త దూరమే. విరమణ తరువాత ఆ సమయాన్ని రోజంతా పరుచుకోవచ్చునని ఏళ్ల తరబడి ఎదురుచూశాను.

తీరిక వచ్చింది, కానీ ఒళ్లు మారిపోయింది. ఎడమ చేతి బొటనవేలి మొదట్లో ఉండే కీలు క్లచ్చు పట్టిన ప్రతిసారీ నొప్పి పెడుతోంది. పోయిన నెల సెంటర్ స్టాండు మీది నుంచి దించుతుండగా బండి అవతలి వైపుకు ఒరిగింది. 160 కిలోలకు పైబడిన బరువును ఆపలేక వదిలేశాను. దాన్ని లేపడానికి మా అమ్మాయిని పిలవవలసి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు, నేనే ఆ రాత్రి నిద్రపోలేదు. నడపడం మానే ఆలోచన నాకు లేదు. ఈ బండిని ఉంచుకుని నడపడానికి మార్గం ఉందా, లేక దీన్ని వదిలి తేలిక బండికి మారాలా? ఈ వయసును దాటి వచ్చినవారు చెబితే కృతజ్ఞుణ్ణి.

పానా పట్టిన చేయి:

కిక్‌రాడ్ గారికి నమస్కారం. నేను 35 ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. తొందరపడి అమ్మకండి. మీరు చెప్పిన కష్టాలలో సగం బండిని సరిచేస్తే పోయేవే.

ముందు స్టాండు సంగతి. చాలామంది చేతులతో బండిని వెనక్కి లాగి స్టాండు వేయాలని చూస్తారు. స్టాండు కాళ్లు రెండూ నేలకు సమంగా ఆనేలా చూసుకుని, ఒంటి బరువంతా కుడి పాదం మీద మోపి దాని మీద నిలబడితే బండి లేస్తుంది. చేతులు దానికి దారి చూపితే చాలు. వెనుక చక్రం కింద అంగుళం మందం చెక్క ముక్క వేసి, బండిని దాని మీదికి నడిపి, అప్పుడు స్టాండు వేయండి. ఎత్తవలసిన ఎత్తు ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది. దించే ముందు సైడ్ స్టాండు బయటికి తీసి పెట్టుకోవాలి, ముందు చక్రం నిటారుగా ఉండాలి. అలా చేస్తే బండి మీ వైపుకే వాలుతుంది, వాలినా సైడ్ స్టాండు ఆదుకుంటుంది.

క్లచ్చు బరువు విషయంలో మొదట అనుమానించవలసింది కేబులునే. లోపలి తీగ పొడిబారినా, ఎక్కడైనా ఇరుకుగా వంగినా చేతికి రెట్టింపు బరువు తగులుతుంది. కొత్త కేబులు వేసి, హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు అది ఎక్కడా బిగుసుకోకుండా దారి మార్చి చూడండి. లివరు పిన్నుకు కాస్త గ్రీజు పెట్టండి.

కిక్కు గురించి మీరు అడగలేదు గానీ, మోకాళ్ల కోసం చెబుతున్నాను. కిక్కు బిగుసుకున్న చోట డీకంప్రెసర్ (సిలిండరులోని ఒత్తిడిని వదిలే చిన్న లివరు) పట్టి, అమ్మీటరు (కరెంటు ప్రవాహాన్ని చూపే మీటరు) ముల్లును చూస్తూ మెల్లగా తొక్కండి. పాయింట్లు (ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే స్విచ్చు లాంటి భాగం) మూసి ఉన్నంతసేపూ ముల్లు ఒక పక్కకు వాలి ఉంటుంది, విడగానే మధ్యకు వస్తుంది. అక్కడ ఆగి డీకంప్రెసర్ వదిలి, రాడ్డును పైదాకా రానిచ్చి, ఒకే ఒక్క నిండు తొక్కుడు తొక్కండి. సగం మనసుతో తొక్కిన కిక్కే ఎదురు తన్నుతుంది. పాయింట్ల ఎడం 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

కీలెరిగినవాణ్ణి:

బండి సంగతి పై సభ్యులు బాగా చెప్పారు. నేను కీళ్ల వ్యాయామం చేయించే వృత్తిలో ఉన్నాను, నడిపేవాణ్ణి కూడా. అందువల్ల ఒంటి సంగతి చెబుతాను.

బొటనవేలి మొదటి కీలు అరుగుదల ఈ వయసులో చాలా మామూలు. సన్నని గట్టి గ్రిప్పును బిగించి పట్టుకున్నకొద్దీ ఆ కీలు మీద ఒత్తిడి పెరుగుతుంది కనుక, కొంచెం మందమైన మెత్తని గ్రిప్పులు వేయించుకోండి. అంతకన్నా ముఖ్యమైనది హ్యాండిలును వదులుగా పట్టుకోవడం. మోకాళ్లతో ట్యాంకును ఒత్తి పట్టి, నడుము మీద కూర్చుంటే చేతుల మీద బరువు పడదు. చేతులతో బండిని పట్టుకుని వేలాడే అలవాటు యౌవనంలో చెల్లుతుంది, ఇప్పుడు చెల్లదు.

స్పందనకు పట్టే సమయాన్ని అందరూ తేలికగా తీసుకుంటారు. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. ప్రమాదం కంటబడి చేయి బ్రేకు మీదికి వెళ్లడానికి మునుపటి కన్నా అర సెకను ఎక్కువ పట్టినా, బ్రేకు పని మొదలుపెట్టకముందే బండి 10 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అదే వేగాన్ని 54కు తగ్గిస్తే సెకనుకు 15 మీటర్లు. పైగా బ్రేకు పట్టిన తరువాత ఆగే దూరం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. కాబట్టి వయసు తీసుకున్నదాన్ని తిరిగి సంపాదించే సులువైన దారి వేగం తగ్గించడం, ముందు బండికి ఎడం పెంచడం.

కన్ను గురించి మరొక మాట. వయసుతో కంటిపాప మునుపటంత విచ్చుకోదు, కటకం మసకబారుతుంది, ఎదురు దీపం పడ్డాక చూపు మళ్లీ కుదురుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. మీటరు మీది నుంచి రోడ్డు మీదికి చూపు మార్చడం కూడా నెమ్మదిస్తుంది. ఏటా కంటి పరీక్ష చేయించుకోండి. మెడ ఎంత తిరుగుతుందో కూడా చూసుకోండి; భుజం మీదుగా వెనక్కి చూడలేనివారు అద్దాలను మాత్రమే నమ్ముతారు, అద్దంలో కనబడని చోటు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. నిద్రమత్తు తెచ్చే మందులు వేసుకున్న పూట బండి తీయవద్దు.

దూరప్రయాణి:

కిక్‌రాడ్ గారి ప్రశ్న చదివినప్పటి నుంచి నాకు బర్ట్ మన్రో గుర్తుకు వస్తున్నారు. న్యూజిలాండ్‌కు చెందిన ఆయన 1920లో ఒక ఇండియన్ స్కౌట్ (ఇండియన్ అనే అమెరికా కంపెనీ మోటారు సైకిలు) కొన్నారు. అప్పుడు అది 600 సీసీ బండి, గంటకు సుమారు 88 కిలోమీటర్లు పోయేది. పిస్టన్లను సొంతంగా పోత పోసుకుంటూ, పగిలినవి పక్కన పెట్టి కొత్తవి చేసుకుంటూ, ఆ ఒక్క ఇంజనునే దాదాపు 950 సీసీ దాకా పెంచి, 1967లో అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 296 కిలోమీటర్ల రికార్డు నెలకొల్పారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. అందరూ ఆ వేగాన్ని తలుచుకుంటారు. నా మనసులో మాత్రం ఒకే బండితో గడిచిన ఆ 47 ఏళ్లు నిలిచిపోయాయి.

థెరెసా వాలక్ మరొకరు. 1934 డిసెంబరులో ఆమె, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ కలిసి 600 సీసీ పాంథర్ మోటారు సైకిలుకు సైడ్ కారు, దాని వెనుక ట్రైలరు తగిలించుకుని లండన్‌లో బయలుదేరి, సహారా ఎడారిని దాటి, మరుసటి ఏడాది కేప్‌టౌన్ చేరారు. వాలక్ 88 ఏళ్ల వయసు వరకూ మోటారు సైకిలు నడిపారు, చూపు తగ్గడం వల్లనే ఆపారు. కీలెరిగినవాణ్ణి గారు కన్ను గురించి చెప్పిన మాట అందుకే నాకు బలంగా తోచింది.

అయితే ఉత్సాహపరిచే కథలే చెబితే అన్యాయమవుతుంది. 1973లో 500 సీసీ ట్రయంఫ్ మీద బయలుదేరి నాలుగేళ్లు ప్రపంచం చుట్టిన టెడ్ సైమన్, 2001లో డెబ్బైకి చేరువైన వయసులో అదే దారిని మళ్లీ పట్టారు. ఈసారి బీఎమ్‌డబ్ల్యూ ఆర్80జీఎస్ తీసుకున్నారు. కెన్యాలో పడి కాలు విరిగింది. కోలుకుని ప్రయాణం పూర్తి చేశారన్నది నిజమే, కానీ ఆ వయసులో ఎముక విరిగితే అతకడానికి ఎంతకాలం పడుతుందో మన ఇళ్లలో అందరం చూసినదే కనుక బరువైన బండి ఎంచుకునేవారు దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

నిశ్శబ్దపు షెడ్డు:

ఇక్కడ అందరూ కొనసాగించే మార్గాలే చెబుతున్నారు. ఆపినవాడి మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను. నేను 67వ ఏట ఆపేశాను. ఎవరూ ఆపమనలేదు. ఒక కూడలిలో రెండు వైపులా చూసి, ఏమీ లేదని నిశ్చయించుకుని ముందుకు కదిలాను. కుడి వైపు నుంచి కారు వస్తూనే ఉంది. ఆ డ్రైవరు బ్రేకు వేయబట్టి నేను ఈ మాటలు రాయగలుగుతున్నాను. కారు కనబడకపోవడం కన్నా, రెండు వైపులా చూశానన్న నమ్మకం నాలో అంత గట్టిగా ఉండడం నన్ను భయపెట్టింది. ఒక్కసారి జరిగితే పొరపాటు అనుకునేవాణ్ణేమో గానీ, ఇంటికి వచ్చి నిజాయితీగా ఆలోచిస్తే అది ఆ ఏడాదిలో మూడోది.

బండి అమ్మేశాను. మొదటి రెండు నెలలు షెడ్డులోకి వెళ్లలేకపోయాను. తరువాత ఒక మిత్రుడు 1970ల నాటి పాడైన ఇంజనొకటి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఇప్పుడు రెండవ ఇంజను కూడా పూర్తయి, మూడవదాని మీద పని సాగుతోంది. కార్బొరేటరు జెట్లు శుభ్రం చేస్తున్నప్పుడు నా చేతులకు పాత ఆనందమే దొరుకుతోంది. కిక్‌రాడ్ గారూ, మీరు ఆపవలసిన స్థితిలో ఉన్నారని నేను అనడం లేదు. తృటిలో తప్పినవాటిని మాత్రం తేదీ వేసి రాసి పెట్టుకోండి. మన జ్ఞాపకం వాటిని మన వైపే మొగ్గి లెక్కిస్తుంది.

కిక్‌రాడ్:

నిశ్శబ్దపు షెడ్డు గారూ, మీ మాట నాకు గుచ్చుకుంది, గుచ్చుకోవలసినదే. ఈ ఏడాదిలో అలాంటివి ఎన్ని జరిగాయో లెక్క వేసుకున్నాను. రెండు ఉన్నాయి, రెండూ చీకటి పడ్డాక జరిగినవే. రేపే కంటి పరీక్షకు వెళుతున్నాను.

ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని:

నేను బండి నేర్చుకున్నది 41వ ఏట, పిల్లలు పెద్దవాళ్లయ్యాక. నా ఎత్తుకు సీటు అందక, రెండు పాదాలూ నేలకు ఆనే బండి కోసం మొదటి నుంచీ తేలిక వాటినే వెతుక్కున్నాను. ఇప్పుడు నాకు 63. పెద్ద బండి నుంచి చిన్న బండికి దిగడాన్ని మగవాళ్లు చాలామంది ఓటమిగా భావించడం చూసి బాధ కలుగుతుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా తయారైన మోటారు వాహనం 1958లో 50 సీసీ ఇంజనుతో మొదలైన హోండా సూపర్ కబ్. 2017 నాటికి 10 కోట్లకు పైగా తయారయ్యాయి. అన్ని కోట్ల మందిలో ఎందరికి అదే తొలి ప్రేమో ఆలోచించండి.

కిక్‌రాడ్ గారి బొటనవేలి నొప్పికి అందులోనే ఒక మందు కూడా ఉంది. దాని తరహా బండ్లలో క్లచ్చు లివరే ఉండదు. ఇంజను వేగాన్ని బట్టి దానంతట అదే కలిసి, విడిపోయే సెంట్రిఫ్యూగల్ క్లచ్చు ఉంటుంది. గేర్లు మాత్రం కాలితో మనమే మార్చుకోవచ్చు. బరువు 100 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పడినా ఒక్కరే లేపుకోవచ్చు. ఏ బండి కొన్నా, కొనే ముందు దాన్ని మైదానంలో పడుకోబెట్టి మీరు ఒక్కరే లేపగలరో లేదో చూసుకోండి.

రెండో తరం:

నేను నడపడం కన్నా నడిపేవారిని చూస్తూ పెరిగినదాన్ని. మా నాన్నగారు చనిపోయి మూడేళ్లయింది. ఆయన బండి షెడ్డులోనే ఉండిపోయింది, అమ్మడానికి మాకెవరికీ మనసు రాలేదు. పోయిన నెల తెరిచి చూస్తే ట్యాంకు లోపల తుప్పు, కార్బొరేటరులో బంక, టైర్ల పక్కల పగుళ్లు. సీటు కింద ఒక చిన్న నోటుబుక్కు దొరికింది. ప్రతి ఆయిలు మార్పు, ప్రతి ప్లగ్గు, ప్రతి చైను బిగింపు, మీటరు అంకెతో సహా రాసి ఉన్నాయి. చివరి పేజీలలో అక్షరాలు వణికాయి గానీ ఒక్క వరుస కూడా తప్పిపోలేదు.

ఆయన ఉన్నప్పుడు ఒక్కసారైనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాయింట్లు ఎలా సరిచేయాలో చూపించి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అడగనిది నేనే కావచ్చు. కిక్‌రాడ్ గారూ, మీ బండిని లేపడానికి వచ్చిన అమ్మాయికి దాన్ని ఒకసారి విప్పి చూపించండి. ఈ బండిని నేను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో పానా పట్టిన చేయి గారు చెప్పగలరా?

పానా పట్టిన చేయి:

తప్పకుండానమ్మా. ముందుగా ఏ కారణం చేతనూ కిక్కు కొట్టకండి. ప్లగ్గు విప్పి సిలిండరులో రెండు మూడు చెంచాల ఇంజను ఆయిలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు ప్లగ్గు లేకుండానే కిక్కును చేత్తో మెల్లగా నొక్కి ఇంజను తిరుగుతోందేమో చూడండి. తిరిగితే పెద్ద గండం గడిచినట్టే. పాత పెట్రోలు అంతా తీసేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉంటే నీరు విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. మీరు చూసిన తుప్పు చాలావరకు దానివల్లనే అయి ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలకూ, సీళ్లకూ కూడా ఇథనాల్ సరిపడదు, అన్నీ మార్చండి.

టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండు అంకెలు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, పగుళ్లు వచ్చిన రబ్బరు మీద మనిషి కూర్చోకూడదు. ఆ నోటుబుక్కును జాగ్రత్తగా ఉంచండి. దాన్ని చదివితే ఆ ఇంజనులో ఏది ఎప్పుడు మార్చారో ఏ మెకానిక్కూ చెప్పలేనంత కచ్చితంగా తెలుస్తుంది.

కిక్‌రాడ్:

ఆరు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. అందరి సలహాలూ ఒక్కొక్కటిగా అమలు చేశాను. కంటి డాక్టరు గారు శుక్లం మొదలైందని చెప్పారు, ఆపరేషను అవసరం ఇంకా లేదన్నారు. చీకటి పడ్డాక నడపడం ఆ రోజు నుంచే మానేశాను. కొత్త కేబులు, మందమైన గ్రిప్పులు వేయించాక క్లచ్చు నిజంగానే తేలికైంది, అయినా వరుసగా గంటసేపు పట్టుకుంటే కీలు నొప్పి పెడుతూనే ఉంది. కాబట్టి రోజువారీ పనులకు క్లచ్చు లివరు లేని 110 సీసీ బండి ఒకటి తీసుకున్నాను. కొనే ముందు పడుకోబెట్టి లేపి చూశాను. దాని మీద తిరుగుతుంటే షిఫ్టులకు వెళ్లిన రోజుల నాటి ఆ 100 సీసీ బండి చాలాసార్లు గుర్తుకు వస్తోంది.

బుల్లెట్‌ను అమ్మలేదు. ఆదివారం ఉదయాలు మా అమ్మాయికి నేర్పుతున్నాను. ఆమెకు ఎడమ కాలి గేరు అలవాటు కావడంతో, మొదటి రోజు గేరు తగ్గించబోయి వెనుక బ్రేకు తొక్కి బండిని నిలిపేసింది. ఖాళీ మైదానం కనుక ఏ ఇబ్బందీ రాలేదు. ట్యాంకు మీద ఆమెకు కనబడేలా ‘గేరు కుడి’ అని రాసిన పట్టీ అంటించాను. చెక్క ముక్క వేసి సెంటర్ స్టాండు తనే వేస్తోంది. రెండో తరం గారి మాట విని ఒక నోటుబుక్కు కూడా కొన్నాను.

పానా పట్టిన చేయి గారికి ఒక ప్రశ్న. నిన్న వాల్వుల మూత విప్పి చూస్తే ఇన్‌లెట్ వైపు పుష్‌రాడ్డు (వాల్వును తెరిచే కడ్డీ) వేళ్లతో తిప్పితే తిరుగుతోంది, పొగ బయటికి పోయే ఎగ్జాస్టు వైపుది మాత్రం తిరగడం లేదు. అలాగే ఉంచవచ్చునా?

పానా పట్టిన చేయి:

ఉంచకూడదండీ. ఇంజను పూర్తిగా చల్లారాక, పిస్టను కంప్రెషన్‌లో (రెండు వాల్వులూ మూసి ఉండవలసిన దశలో) పైకి వచ్చిన చోట నిలిపి చూడాలి. అక్కడ కూడా తిరగడం లేదంటే ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. అలా నడిపితే వాల్వు అంచు కాలిపోతుంది. లాక్‌నట్టు వదులు చేసి, రాడ్డు వేళ్లతో సులభంగా తిరిగేలా, అయితే పైకీ కిందికీ ఆడకుండా సరిచేసి, మళ్లీ బిగించండి. బిగించాక ఇంకోసారి తిప్పి చూడండి, నట్టు బిగింపుతో అమరిక మారుతుంది.

కిక్‌రాడ్:

ధన్యవాదాలండీ. ఈ ఉదయం మా అమ్మాయే సరిచేసింది, నేను లైటు పట్టుకుని నిలబడ్డాను. మూడుసార్లు బిగించి, మూడుసార్లు తిప్పి చూసింది. మీటరు రెండుసార్లు సున్నాకు వచ్చి మళ్లీ తిరిగింది కాబట్టి అసలు లెక్క 2,41,318 కిలోమీటర్లు అని చెప్పాను. నోటుబుక్కులో మొదటి వరుసగా ఆ అంకె వేసి, పక్కన ‘ఎగ్జాస్టు రాడ్డు బిగుతుగా ఉంది, వదులు చేశాను’ అని తన చేతిరాతతో రాసుకుంది.